గుర్రాల డెక్కల కింద

వాద్యాలు ఇంకా శ్రుతి కలుపుకుంటూనే ఉన్నాయి, ఇజ్లాల్‌కి మాత్రం అప్పుడే లేచి ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళడానికి దారి లేదు. ముందు వరసలో సరిగ్గా నడుమ కూర్చోబెట్టారు, కుడిపక్క మొగుడు హిల్మీ, ఎడమపక్క కూతురు మనార్, వెనక బాల్కనీ దాకా నిండిపోయిన జనం, ఎదురుగా నల్లకోట్లు తొడుక్కున్న వాద్యగాళ్ళు, వాళ్ళ తలల మీదుగా ఇంత పొడుగు తెల్లటి తెర. మోకాలు సలుపుతోంది. కుర్చీ చేతి మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది, తీసి ఒళ్ళో పెట్టుకుంది, ఒళ్ళో ఉన్న పుస్తకం జారబోతే పట్టుకుంది. బయల్దేరేటప్పుడు పొయ్యి కట్టేసిందా? రేపు పొద్దుటికని చిక్కుడుగింజలు సన్నసెగ మీద వేసింది, నీళ్ళు పోసింది గుర్తుంది, మూత పెట్టింది గుర్తుంది, పొయ్యి కట్టింది మాత్రం గుర్తు రావడం లేదు. "కట్టేశాను. నేనే కట్టేశాను. దాన్ని గురించి ఆలోచించకు" అన్నాడు హిల్మీ, ఆమె అడక్కుండానే. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషికి చెవులు పోయినకొద్దీ ఆమె మనసులోవి ఎక్కువగా వినపడుతున్నాయి. ఇంత వినపడేవాడికి ఆ ఒక్కటీ వినపడలేదా, ఆమె ఏళ్ళ తరబడి నోటిదాకా తెచ్చుకుని మింగేస్తూ వచ్చిన ప్రశ్న?

ఆ ప్రశ్న ఇవాళ అచ్చయి ఆమె ఒళ్ళోనే ఉంది. గుమ్మం దగ్గర అందరికీ పంచిన పుస్తకంలో రెండో పేజీలో రాసింది నజ్లా. నజ్లా మంచి పిల్ల, సంగీతం కాలేజీలో పాఠాలు చెబుతుంది. స్టూడియో గోదాములో ఎలుకలు కొట్టగా మిగిలిన కాగితాలూ, ముసలి వాద్యగాళ్ళ ఇళ్ళల్లో అటకల మీద దొరికిన కాగితాలూ ఏరుకొచ్చి, ఫ్రాంకుల దండు దిమ్యాత్ కోటని ముట్టడించిన పాతకాలపు కథ ‘దిమ్యాత్ గోడలు’ సినిమా సంగీతాన్ని ముక్కకి ముక్క అతికి మళ్ళీ నిలబెట్టింది. దొరకని చోట సినిమాని వందసార్లు విని చెవితో పట్టుకుంది. చదువుకున్న పిల్ల, కష్టపడ్డ పిల్ల, కాదనలేం. కాకపోతే ఇలా రాసింది: ముట్టడి ఘట్టానికి షౌకత్ కట్టిన మహత్తరమైన సంగీతాన్ని, ఆ సినిమాకి శబ్దాలు కలిపిన హిల్మీ గుర్రాల డెక్కల చప్పుడు కింద పాతిపెట్టాడు, ఈ సాయంత్రం దాన్ని గుర్రాలు లేకుండా మొట్టమొదటిసారి వింటారు. షౌకత్ అంటే ఇజ్లాల్ మొదటి మొగుడు, మనార్ తండ్రి, చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. హిల్మీ అంటే ఇదిగో, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఆ పేజీని తాపీగా చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్న మనిషి.

"ఏమంటోంది?" అని అడిగింది, తెలిసే.

"నా పేరు అచ్చుతప్పు లేకుండా వేశారు మనార్ వాళ్ళమ్మా. అదే పదివేలు."

పెళ్ళయిన మొదటిరోజు నుంచీ అతను ఆమెని అలాగే పిలుస్తాడు, మనార్ వాళ్ళమ్మా అని. ఆ మనార్ మాత్రం ఆయన్ని హిల్మీ బాబాయ్ అనీ, మీరు అనీ, చుట్టానికి టీ ఇచ్చినంత మర్యాదగా పిలుస్తూ ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. తల్లి రెండో పెళ్ళి ఒప్పందం రాసుకుంటున్న రోజున కాలేజీ పిల్లగా నల్లబట్టలు కట్టుకుని వచ్చి గోడవారన నిలబడింది. ఇప్పుడు ఆ పిల్లకి జుట్టు నెరిసింది, సొంత మందులషాపు ఉంది, మనవరాలు ఉంది, తండ్రి మాటెత్తితే మాత్రం ఇప్పటికీ చిన్నపిల్ల గొంతు వస్తుంది. నజ్లాకి తండ్రి కాగితాలన్నీ అప్పగించింది తనే. పుస్తకంలో ఆ వాక్యం వేసేముందు నజ్లా అడిగే ఉంటుంది, తను సరేనని తలూపే ఉంటుంది. అడగాలా? ఇప్పుడా? ఈ ముందు వరసలోనా?

హిల్మీ పాతిపెట్టాడన్న మాట ఈ కైరో నగరంలో కొత్తదేమీ కాదు. షౌకత్ బతికుండగా ఇమాదుద్దీన్ వీధి కాఫీ హోటల్లో రోజూ సాయంత్రం అదే పాట. డొమినో ముక్కలు బల్ల మీద టపటపా పరుస్తూ, "నా యుద్ధాన్ని చంపింది ఫ్రాంకుల రాజు కాదురా, మన హిల్మీగాడు. గుర్రాలు తోలాడు దాని మీద" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, అతనూ నవ్వేవాడు, మొదట్లో. తర్వాత నవ్వడం మానేశాడు. సినిమాలు మానేశాడు. నిర్మాతలు ఇంటికొచ్చి బతిమాలితే, "గుర్రాలున్నాయా మీ కథలో? అయితే నేను రాను" అని పంపించేసేవాడు. రేడియోకి నాటికల ముందు వాయించే ముక్కలు రాశాడు, బళ్ళ బ్యాండుకి నడక పాటలు రాశాడు, గుండె ఆగి చచ్చిపోయేదాకా ఆ గుర్రాల్ని తిడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఇజ్లాల్ ఆ గుర్రాలు తోలినవాణ్ణే కట్టుకుంటే ఊరు ఊరుకుంటుందా? ముందు వాడి పాటని పాతిపెట్టాడు, తర్వాత వాడి పడకెక్కాడు అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు, బతికున్నవాడి మీద రాయి వెయ్యడం సులువు. అవన్నీ దులుపుకుంది. దులుపుకోలేనిది ఒక్కటే. షౌకత్ అన్నది నిజమా? హిల్మీకి అప్పటికే తన మీద కన్ను ఉండి, కుళ్ళుతో, ఒక గొప్ప పనిని చేతులారా తొక్కేశాడా? లేకపోతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు షౌకత్ తన చేతకానితనాన్ని గుర్రాల మీదకి నెట్టి బతికాడా? ఆనాడు స్టూడియోలో ఉన్నవాళ్ళు తప్ప ఆ సంగీతం గుర్రాలు లేకుండా ఎవరూ విన్నది లేదు. ఇవాళ వింటారు. అది గొప్పదయితే పక్కనున్న మొగుడు పోతాడు, కాకపోతే పోయిన మొగుడు మళ్ళీ పోతాడు. ఎలా చూసినా ఇంటికి ఒకణ్ణి తగ్గించుకునే వెళ్ళాలి. ఎందుకొచ్చింది తను? మోకాలు నొప్పని చెప్పి పడుకోవలసింది.

దీపాలు తగ్గాయి. వాద్యగాళ్ళని నడిపించే కండక్టర్ వచ్చాడు, చప్పట్లు, చెయ్యి పైకెత్తాడు, అంతే, ఢంకాలూ బాకాలూ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి, ఇజ్లాల్ కుర్చీలో వెనక్కి ఒరిగిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాలు, దిమ్యాత్ గోడలు, వెనక ఇసుక, కోట, సముద్రం. బొమ్మ నడుస్తుంది గానీ దానికి మాటా శబ్దమూ ఏమీ లేవు, సంగీతం ఒక్కటే, అదీ ఎదురుగా ఊపిరి తీస్తూ వాయిస్తున్న మనుషులు. ఈ మొదటి ముక్క ఆమెకి ఎంత బాగా తెలుసంటే ఇది కట్టిన గరిటె కూడా గుర్తుంది. షుబ్రాలో మూడో అంతస్తు ఇల్లు, వేసవి, షౌకత్ బనీనుతో నిలబడి ఖాళీ నూనెడబ్బా మీద గరిటెతో తాళం వేస్తూ, నోటితో బాకాలూదుతూ, ఒక చంకలో మనార్, పై అంతస్తు నుంచి గిర్గిస్ వాళ్ళమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏవయ్యా సంగీతం బాబూ, ఆ సుల్తాను మధ్యాహ్నం ఒక కునుకు తియ్యడా? మా పిల్లలు పడుకోవద్దా?" అని అరుపు. షౌకత్ కిందనుంచి, "సుల్తాను పడుకుంటే దిమ్యాత్ పోతుంది పిన్నీ!" అని. ఆవిడ నవ్వుతూ తిట్టుకుంటూ కిటికీ మూసేది. ఆ మనిషిని ఆమె ప్రేమించింది. అది ఎవరూ కాదనడానికి లేదు, హిల్మీ కూడా ఎప్పుడూ కాదనలేదు. హాల్లో ఇప్పుడు మోగుతున్నది అదే గరిటె, ఇంతమంది వాద్యగాళ్ళయి, ఇంత పెద్దదయి. గొప్పగా ఉంది. భయం వేసేంత గొప్పగా ఉంది. అయితే ముట్టడి కూడా ఇలాగే ఉంటుంది. అయితే పక్కనున్న ఈ మనిషి?

ఓరగా చూసింది. హిల్మీ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిపిల్లాడిలా నిటారుగా, తెరకేసి చూస్తున్నాడు. చెవిలో మిషను చిన్నగా కీచుమంటోంది. తెర మీద ఫ్రాంకుల ఓడలు వస్తున్నాయి, స్టూడియో వెనక చెరువులో తేలిన ఓడలు, వాటి కింద అలల చప్పుడంతా ఈయన తన ఇంటి స్నానాల తొట్టిలో తడి తువ్వాలు కొట్టి పుట్టించింది. ఆ రోజుల్లో ఈయన షుబ్రా ఇంటికి వచ్చేవాడు, ఎప్పుడూ కోటు నిండా ఇసుకే, ఎడారిలో గుర్రాల వెంట మైకు పట్టుకుని పరిగెత్తినవాడు మరి. గుమ్మం బయటే బూట్లు విప్పి దులిపి, కమలాపళ్ళ సంచి ఆమె చేతికిచ్చి, కళ్ళెత్తి చూడకుండా లోపలికి వెళ్ళేవాడు. చూడకపోవడమూ ఒక చూపేనేమో. అదీ ఆలోచించింది, ఎన్నోసార్లు. పెళ్ళికి అడిగినప్పుడు కూడా కమలాపళ్ళే తెచ్చాడు. నైలు ఒడ్డున రాతిగోడ మీద కూర్చుని ఒకటి ఒలిచి సగం ఇచ్చి, "ఒంటరిగా తినడం విసుగ్గా ఉంది" అన్నాడు, అంతే, అదీ ఆయన ప్రేమ మాట. అప్పుడు అడిగింది ఒక్కసారి, "ఆ గుర్రాలు ఎందుకు తోలావు?" అని. గింజ ఉమ్మేసి, "సినిమాకి గుర్రాలు కావాలి కాబట్టి" అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఏటా రంజాన్లో టీవీలో ఆ సినిమా వేసేవాళ్ళు. ముట్టడి ఘట్టం వచ్చేసరికి ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగేది, ఆయన టీవీ గొంతు తగ్గించేవాడు, మనార్ ఉంటే రిమోట్ లాక్కుని పెంచేది.

"అమ్మా, ఎందుకలా కదులుతున్నావు? నీళ్ళు కావాలా?" మనార్ చెవిలో గుసగుసలాడింది.

"మోకాలే తల్లీ."

"ఇంకొంచెంసేపు ఓర్చుకో. తర్వాత వచ్చేది ముట్టడే. నాన్నది." నాన్నది అన్నప్పుడు ఆ గొంతు. కూతురి చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది, చల్లగా, చెమటగా. పిచ్చిపిల్ల, ఇంత వయసొచ్చినా ఇంకా ఆ తండ్రి చంకలోంచి దిగలేదు.

తెర మీద నదీ, నావా, సుల్తాను చెల్లెలు నీళ్ళలో చెయ్యి ముంచి ఆడించడం, వయొలిన్లు నీళ్ళలాగే. మెత్తటి ముక్క, మంచి ముక్క, ఇజ్లాల్‌కి వినపడలేదు, ఆమె అప్పుడే తర్వాతి దానికోసం చెవులు బిగబట్టుకుని ఉంది. నావ ఒడ్డు చేరింది. కోటగోడ మీద కాగడాలు. కండక్టర్ నుదురు తుడుచుకున్నాడు. ముట్టడి మొదలైంది. గుర్రాలు వచ్చాయి, తెర నిండా, సైన్యం అరువిచ్చిన గుర్రాలు, నురగలు కక్కుతూ, ఇసుక లేపుతూ, డెక్కలు నేలని కొడుతూ, ఇంత కూడా చప్పుడు లేకుండా. ఆ మూగ పరుగు కలలో అరిస్తే గొంతు రానట్టు ఉంది. కింద సంగీతం. పెద్ద వయొలిన్లలాంటి సెల్లోలు ధుం ధుం ధుం ధుం, బాకాలు పైన ఒక విరుపు. బాగుంది. అవునవును, బాగుంది. మళ్ళీ ధుం ధుం ధుం ధుం, మళ్ళీ అదే విరుపు. ఇప్పుడు మారుతుంది, ఇప్పుడు పైకి లేస్తుంది, షౌకత్ ఒక్క చోట నిలబడేవాడు కాదు, గరిటె ఇలా తిప్పి అలా తిప్పి, ఇప్పుడు చూడు. ధుం ధుం ధుం ధుం. అదే విరుపు. ఇంకో అర్ధస్వరం పైన, అదే. వయొలిన్ వాయించే పిల్ల ఒకతి, ఎదురుగా కనపడుతోంది, విల్లు అలా పైకీ కిందకీ లాగుతూ ఉంది, పిండి రుబ్బుతున్నట్టు. ఢంకాలు గట్టిగా కొడుతున్నాయి, గట్టిగా కొడుతున్నందుకు గట్టిగా ఉంది, లోపల ఏమీ లేదు. ఏమీ లేదు. ఇజ్లాల్‌కి చెమట పట్టింది. తప్పేమో, తన చెవి ముసలిదయిందేమో, పుస్తకంలో మహత్తరం అని రాశారు, చదువుకున్నవాళ్ళు రాశారు. కానీ ఆ మనిషితో ఎన్నేళ్ళు కాపురం చేసింది, ఏది అతను నవ్వుతూ కట్టిందో ఏది పళ్ళు బిగబట్టి కట్టిందో, గోడ అవతల నుంచి విన్నా చెప్పగలదు. ఇది షౌకత్ కట్టింది కాదు. షౌకత్ చేతులు ఆడించాయి, షౌకత్ ఇంకెక్కడో ఉన్నాడు.

ఎక్కడున్నాడు? ఈ ముక్క రికార్డు చేసిన శనివారం తను స్టూడియోకి వెళ్ళలేదు. మిగతావన్నిటికీ వెళ్ళింది, వెనక బెంచీ మీద కూర్చుని విన్నది, దీనికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదు? ఇన్నేళ్ళలో ఇది తనకి ఎందుకు తట్టలేదు? జ్వరాల ఆసుపత్రి. అబ్బాసియాలో, పొడుగు వరండా, ఫినాయిలు వాసన, మనార్‌కి టైఫాయిడ్. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోయింది, కళ్ళు తేలేసింది, డాక్టరు తన ముఖంలోకి చూడకుండా మాట్లాడాడు. దర్శకుడు శనివారానికి ముట్టడి కావాలని, వాద్యగాళ్ళని పిలిచేశామని, కబురు మీద కబురు. షౌకత్ ఆ కబుర్లు విన్నాడా అసలు? పిల్లని భుజాన వేసుకుని వరండా ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు, మూడు రోజులు, పడుకోబెడితే ఏడుస్తుందని, నడుస్తుంటేనే కళ్ళు మూస్తుందని. పాట కూడా పాడలేదు, ఊరికే నడిచాడు. తను బల్ల మీద ఒరిగి నిద్రపోతే లేపలేదు. ఆఖరి రోజు తెల్లవారుజామున జ్వరం దిగింది. అప్పుడు కింద కూర్చుని, మోకాళ్ళ మీద కాగితాలు పెట్టుకుని, పిల్ల నుదుటి మీది తడిగుడ్డ పక్కనే పెట్టుకుని గీకాడు, గబగబా, ఒకే వరసని మళ్ళీ మళ్ళీ. హిల్మీ వచ్చాడు కాగితాలకోసం. అదిగో, అదీ కనపడుతోంది. గోడకి ఆనుకుని, నిలబడే ఒక్కొక్క కాగితమూ చదివాడు. చదివి షౌకత్‌కేసి చూశాడు. షౌకత్ చూపు తిప్పేసుకున్నాడు. పిల్ల కాళ్ళు ఒకసారి ముట్టుకుని, "చాలు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు హిల్మీ. తను అక్కడే ఉంది. తన చెవులారా విన్నది. కాగితాలు తీసుకెళ్ళి వాద్యగాళ్ళకి నకళ్ళు రాయించే పనేదో చూసుకుంటాడనుకుంది.

యా రబ్బీ! ఇన్నేళ్ళూ ఆ మాట తన దగ్గరే ఉంది.

సినిమా విడుదల రోజు కూడా ఉంది కదా. హాల్లో పక్కపక్కన కూర్చున్నారు, తనూ షౌకతూ. ముట్టడి వచ్చింది, గుర్రాలు వచ్చాయి, డెక్కల చప్పుడు నేల అదరగొడుతూ కుర్చీల్లోకి ఎక్కింది, జనం ఈలలు వేశారు, అందులో సంగీతం ఉందో లేదో తెలీలేదు. షౌకత్ అంతసేపూ ఆమె చెయ్యి నలిపేశాడు, అయిపోయాక వదిలేసి ఇంత పొడుగున ఊపిరి విడిచాడు. బాధ అనుకుంది తను. బాధ కాదు. పోలీసు తనిఖీ దాటిన మనిషి విడిచే ఊపిరి అది. అప్పుడు తిట్టలేదు హిల్మీని. ఆ రాత్రి ముగ్గురూ కలిసి తిన్నారు కూడా. తిట్లు మొదలైంది వారం తర్వాత, పేపర్లో ఎవరో విమర్శకుడు రాశాక, ఎంత గొప్ప సంగీతం గుర్రాల చప్పుట్లో పోయిందో కదా అని. పాపం షౌకత్, ఆ మాట పట్టుకున్నాడు, మునిగిపోయేవాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, మొదట సరదాకి, తర్వాత నిజంగానే నమ్మేశాడు. హిల్మీ ఒక్కసారన్నా నోరు విప్పాడా? "గుర్రాలు లేకపోతే నీ పరువు పోయేదిరా" అని ఒక్కసారి అంటే సరిపోయేదిగా, కాఫీ హోటల్లో, అందరి ముందూ. అనలేదు. ఊళ్ళోవాళ్ళు పడకెక్కాడు అన్నప్పుడూ అనలేదు. పిల్ల నల్లబట్టలు కట్టుకొచ్చినప్పుడూ అనలేదు. తనకైనా చెప్పొచ్చుగా. తనకి చెబితే షౌకత్ తన కళ్ళలో తగ్గుతాడని కాబోలు. ఎవడిమ్మన్నాడు నీకీ పెద్దరికం? ఆమెకి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది, అందరి మీదా, పోయినవాడి మీద, ఉన్నవాడి మీద, ఏమీ కనిపెట్టలేని తన మీద.

తల తిప్పింది, ఏదో ఒకటి అనేద్దామని. హిల్మీ పెదాలు కదులుతున్నాయి. తెరమీది గుర్రాలకేసి చూస్తూ, వేళ్ళతో కుర్చీ చేతిని తడుతూ, నాలుకని అంగిలికి కొట్టి సన్నగా చప్పుడు చేస్తున్నాడు, టకటక, టకటక, ఆయనకే వినపడనంత సన్నగా. మూగ గుర్రాలకి ఆ ముసలాయన నోటితో డెక్కలు ఇస్తున్నాడు.

అప్పుడే ధుం ధుం ఆగింది. వయొలిన్లు ఆగాయి. ఒక్క ఓబో మిగిలింది, సన్నాయిలాంటి చిన్న వాద్యం. తెర మీద గుర్రాలు ఇంకా పరిగెడుతూనే ఉన్నాయి, కింద ఒక్క ఓబో, సన్నగా, తడబడుతూ, ఒక మెట్టు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, అక్కడ నిలబడింది. అయ్యో, ఏమిటిది? ఇది ఎక్కడుంది ఇన్నాళ్ళూ? జ్వరం దిగిన పిల్ల ఊపిరి సర్దుకున్నట్టు, ఒళ్ళు చల్లబడి నిద్రలోకి జారినట్టు. ఇది షౌకత్. ఇది నూటికి నూరుపాళ్ళు షౌకత్, ఆ తెల్లవారుజాము షౌకత్. నాలుగు ఊపిరుల సేపు కూడా లేదు, మళ్ళీ ఢంకాలు వచ్చి పడ్డాయి, అదే రుబ్బుడు. ఇజ్లాల్ కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి హిల్మీ మోచెయ్యి పట్టుకుంది, అతని మిషను ఉన్న చెవిలోకి వంగింది.

"అదీ కప్పేశావా? ఆ ఒక్కటీ కూడా?"

ఏది అని అడగలేదు ఆయన. తెర వంకే చూస్తూ అన్నాడు, "గుర్రాలు మధ్యలో ఆగవు మనార్ వాళ్ళమ్మా." కుర్చీ చేతి మీద ఇంకో నాలుగు దెబ్బలు తట్టి, "ఆపి చూశాను. సినిమా పడిపోయింది. మళ్ళీ తోలేశాను. అది మాత్రం ఇప్పటికీ నాకు వినపడుతూనే ఉంటుంది" అన్నాడు.

మంచిపని చేశాడనుకోవాలా, చెడ్డపని చేశాడనుకోవాలా? రెండూ చేశాడు. షౌకత్ పరువు కాపాడాడు, షౌకత్ ఊపిరి పాతిపెట్టాడు, ఒక్క చేత్తోనే. నజ్లా రాసింది అబద్ధం, నజ్లా రాసిందాంట్లో నిజమూ ఉంది. ఎటూ తెగదు. ముట్టడి అయిపోయింది, జనం చప్పట్లు కొట్టారు, పెద్దగా ఉంది కాబట్టి కొట్టారు. "చూశావా అమ్మా? చూశావా నాన్నని?" మనార్ చెంపలు తడిసిపోయాయి. చూశాను తల్లీ, అంది ఇజ్లాల్, నిజంగానే చూసింది కాబట్టి. ఆ తర్వాతిది మర్నాటి వేకువ, యుద్ధం ముగిసిన మైదానం, సెల్లో ఒక్కటే వాయించే ముక్క, ఈజిప్టులో పాలవాడి నుంచి మంత్రి దాకా అందరికీ నోటికొచ్చిన ముక్క, జున్ను ప్రకటనలో కూడా వాడుకున్న ముక్క. సెల్లో అతను కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. ఇజ్లాల్‌కి ఇప్పుడు ఇంకొకటి వినపడింది. ఆ మైదానం మీద గాలి వీస్తోంది, జెండాలు కొట్టుకుంటున్నాయి, గాయపడ్డవాళ్ళు నోళ్ళు తెరుస్తున్నారు. సినిమాలో ఇక్కడ వేటికీ చప్పుడు ఉండేది కాదు. గాలిని కూడా తీసేశాడు హిల్మీ. పల్చటి కాగితం కదిలిన చప్పుడు కూడా ఉంచకుండా, షౌకత్ ఒక్కడికే మొత్తం హాలు ఇచ్చేశాడు. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

అయిపోయింది. దీపాలు వెలిగాయి, జనం లేచి నిలబడ్డారు, కండక్టర్ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు, నజ్లా పూలగుత్తి పట్టుకుని వేదిక మీదకి వచ్చి మైకు అందుకుంది. "ఈ సంగీతాన్ని దశాబ్దాలపాటు మనకి వినపడకుండా చేశారు. ఇవాళ న్యాయం జరిగింది. షౌకత్ గారి సతీమణి ఇజ్లాల్ గారిని పైకి రమ్మని కోరుతున్నాను." షౌకత్ గారి సతీమణి. పక్కనున్నవాడు ఏమవుతాడో మరి. "లే అమ్మా, లే" అని మనార్ మోచెయ్యి పట్టుకుని లేపింది. హిల్మీ కూడా లేచి దారి ఇచ్చాడు, అందరితో కలిసి చప్పట్లు కొడుతూనే. అతని ముఖంలో ఏమీ లేదు, అలవాటైపోయిన ముఖం. వెళ్ళు, వాళ్ళు పిలుస్తున్నారు, అన్నట్టు గడ్డం ఊపాడు.

మెట్లు ఎక్కింది, ఎవరో చెయ్యి పట్టుకున్నారు, పూలగుత్తి బరువుగా ఉంది, కాగితం గరగరలాడుతోంది. ఏం చెప్పాలి? ధన్యవాదాలు అని దిగిపోతే? అందరూ మెచ్చుకుంటారు, పోయినవాడు పెద్దవాడుగా ఉండిపోతాడు, ఉన్నవాడు ఇన్నాళ్ళూ మోసినట్టే ఇంకో నాలుగేళ్ళు మోసుకుని పోతాడు. నోరు విప్పితే షౌకత్ ఇంతమంది ముందు తగ్గుతాడు, కూతురి కళ్ళముందు తగ్గుతాడు. తగ్గుతాడా? పిల్లని భుజాన వేసుకుని నడిచినవాడు ఎక్కడ తగ్గుతాడు? మైకు ఆమె మూతి దగ్గరకి వచ్చింది.

"నజ్లా, నీ చేతులు చల్లగుండాలి తల్లీ, పోయినదాన్ని తెచ్చిపెట్టావు" అంది. చప్పట్లు. ఆగేదాకా ఆగింది. "కానీ పుస్తకంలో ఒక మాట తప్పు రాశావు. ముట్టడి ముక్క మహత్తరమైనది కాదు. మా ఆయన దాన్ని బాగా కట్టలేకపోయాడు. కట్టాల్సిన రోజులన్నీ జ్వరాల ఆసుపత్రి వరండాలో మా అమ్మాయిని భుజాన వేసుకుని తిరిగాడు. పిల్ల బతికింది. కాగితాల మీద ఏదో గీకిచ్చాడు. ఆ రోజు అది చదివి సంగతి కనిపెట్టినవాడు ఒక్కడే, వాడు గుర్రాలు తోలి దాన్ని కప్పేశాడు, స్నేహితుడి పరువు పోకూడదని. ఆ కప్పడంలో ఒక మంచి ముక్క కూడా పోయింది, ఆ ఓబో ముక్క, అది మీరు ఇవాళ విన్నారు. దానికి అతనితో నేను ఇంట్లో పోట్లాడతాను." ఎవరో నవ్వారు, నవ్వి ఆపేసుకున్నారు. "తిట్లు మాత్రం ఇక చాలు. హిల్మీ అదిగో, అక్కడ కూర్చున్నాడు."

నజ్లా ముఖం ఎర్రబడింది. ఓబో వాయించినతను తల వంచుకుని తన వాద్యాన్ని చూసుకుంటున్నాడు. ఇజ్లాల్ చెప్పకూడనిది చెప్పేసిందా, చనిపోయినవాడి సమాధి మీద నిలబడి ఇంకొకడికి వకాల్తా తీసుకుందా, ఇంటికెళ్ళాక మనార్ ఇక గుమ్మం తొక్కుతుందా? చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని ముందు వరస కోసం వెతికింది. దీపాల వెలుగులో ఏమీ కనపడలేదు, తర్వాత మెల్లగా కనపడింది. తన కుర్చీ ఖాళీగా లేదు. మనార్ అందులోకి జరిగి కూర్చుంది. ఆ నెరిసిన జుట్టు మనిషి, హిల్మీ మీదకి వంగి, రెండు చేతులతో అతని మోచెయ్యి పట్టుకుని ఏదో అడుగుతోంది. హిల్మీ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, వినపడలేదు, మళ్ళీ చెప్పు అన్నట్టు ముందుకి వంగాడు. మనార్ మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా, మెడ నరాలు కనపడేటంత గట్టిగా. కానీ అప్పటికే వెనక బాల్కనీలో ఎవరో చప్పట్లు మొదలెట్టారు, అది వరస వరసకీ అంటుకుని కిందకి దిగి హాలంతా హోరెత్తిపోయింది, వాళ్ళిద్దరి మాటలూ ఒక్క ముక్క కూడా వేదిక మీదకి వినపడలేదు. ఇజ్లాల్ పూలగుత్తి నజ్లా చేతిలో పెట్టేసి, కమ్మీ పట్టుకుని, మోకాలి సంగతి మర్చిపోయి గబగబా మెట్లు దిగడం మొదలుపెట్టింది.